గాడిచర్ల హరిసర్వోత్తమరావు: శిక్ష ముగిసిన తరువాతి జీవితం

దేశం కోసం జైలుకు వెళ్ళిన మహనీయుల చరిత్రలు మన పాఠ్యపుస్తకాలలో విరివిగా కనిపిస్తాయి. వారిని నిర్బంధించిన రోజు, విచారించిన న్యాయస్థానం, విధించిన శిక్ష మనకు కంఠస్థం. జైలు ద్వారం దాటి వెలుపలికి వచ్చిన మరునాడు వారు ఎక్కడ తలదాచుకున్నారు, ఎవరు అన్నం పెట్టారు, ఎవరు పని ఇచ్చారు అనే సంగతులు మాత్రం పుస్తకాలలో అరుదు. మనిషికి నిజమైన పరీక్ష ఆ మరునాటి నుండే మొదలవుతుంది. ఆంధ్రదేశంలో తొలి రాజకీయ ఖైదీగా పేరొందిన గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారి జీవితం ఈ సత్యానికి గొప్ప నిదర్శనం. ఆయన మన సీమ బిడ్డ. కనుక ఉరవకొండ విద్యార్థులకు ఆయన చరిత్ర ఇంటి పెద్దల చరిత్ర వంటిది.

హరిసర్వోత్తమరావుగారు 1883 సెప్టెంబరు 14వ తేదీన కర్నూలులో జన్మించారు. తల్లి భాగీరథీబాయి, తండ్రి వెంకటరావు. కలిగిన కుటుంబం కాదు. ఆయన పుట్టడానికి కొద్ది సంవత్సరాల ముందే, 1876-78 మధ్య, ధాత కరవు ఈ ప్రాంతాన్ని ఊడ్చివేసింది. బళ్ళారి, కర్నూలు, కడప జిల్లాలలో లక్షలాది జనం ఆకలికి, అంటురోగాలకు బలి అయ్యారు. ధాన్యం దోచుకున్నారని, పిడికెడు గింజలు దొంగిలించారని పట్టుబడినవారితో మద్రాసు రాజధానిలోని జైళ్ళు నిండిపోయాయి. ఉరవకొండ అప్పటికి బళ్ళారి జిల్లాలో ఉండేది. అనంతపురం జిల్లా 1882లో ఏర్పడింది. ఆకలి మనిషిని ఎక్కడికి నెట్టగలదో, ఆ నెట్టుడుకు చట్టం ఏ పేరు పెడుతుందో ఆ తరం కళ్ళారా చూసింది. అటువంటి కాలంలో పుట్టిన బాలుడు పేదరికంతో పెనుగులాడుతూనే చదువు సాగించి, 1906లో మద్రాసులో ఎం.ఏ. పట్టా అందుకున్నారు. ఆ రోజులలో ఆ పట్టా అంటే ప్రభుత్వోద్యోగానికి రాజమార్గం.

ఉపాధ్యాయ శిక్షణ కోసం ఆయన రాజమహేంద్రవరం చేరారు. 1907 ఏప్రిల్ మాసంలో బిపిన్ చంద్రపాల్ అక్కడ ఉపన్యాసాలిచ్చారు. వంగదేశ విభజన మీద రగిలిన ఆవేదన గోదావరి తీరాన్ని తాకింది. విద్యార్థులు వందేమాతరం ముద్రలు ధరించి తరగతులకు వెళ్ళడం ప్రిన్సిపాల్ మార్క్ హంటరుకు ఆగ్రహం కలిగించింది. ఫలితంగా కొందరు కళాశాల నుండి బహిష్కృతులయ్యారు. వారిలో హరిసర్వోత్తమరావుగారు ముఖ్యులు. ఆయనకు ప్రభుత్వోద్యోగ ద్వారం శాశ్వతంగా మూసుకుపోయింది. ఇరవైమూడేళ్ళ వయస్సులో, ఏ న్యాయస్థానం మెట్లూ ఎక్కకుండానే ఆయన తొలి శిక్ష పొందారు.

ఆనాటి యువకుల ఆవేదన పరాయి ప్రభుత్వం మీద మాత్రమే కాదు, స్వదేశ నాయకత్వం మీద కూడా. మహజర్లు సమర్పించడం, తీర్మానాలు చేయడం, మరుసటి సంవత్సరం మళ్ళీ సమావేశం కావడం తప్ప పెద్దలు ముందుకు అడుగు వేయడం లేదని వారు భావించారు. 1907 డిసెంబరులో సూరత్ కాంగ్రెసు సభ మితవాదులు, అతివాదులుగా చీలిపోవడానికి ఆ భావనే మూలం. నిరాశ చెందిన పౌరునికి రెండు దారులుంటాయి. మొదటిది, నాయకులందరూ ఇంతేనని చాప చుట్టుకొని ఇంటికి పోవడం. రెండవది, తన చేతనైన పనిని తానే నెత్తికెత్తుకోవడం. హరిసర్వోత్తమరావుగారు రెండవ దారి పట్టారు. 1908లో బెజవాడ నుండి బోడి నారాయణరావుగారితో కలిసి స్వరాజ్య అనే వారపత్రికను వెలువరించారు.

అదే సంవత్సరం మార్చిలో దక్షిణాన తిరునల్వేలిలో చిదంబరం పిళ్ళైని నిర్బంధించడంతో జనం తిరగబడ్డారు. పోలీసు కాల్పులలో నలుగురు చనిపోయారు. ఈ దారుణాన్ని గర్హిస్తూ, విదేశీ ప్రభుత్వాన్ని క్రూరమైన పులితో పోలుస్తూ స్వరాజ్యలో వ్యాసం వెలువడింది. ప్రభుత్వం రాజద్రోహ నేరం మోపింది. నారాయణరావుగారినీ విచారించింది. కింది కోర్టు విధించిన శిక్ష చాలదని ప్రభుత్వమే పై కోర్టుకు ఎక్కింది. మద్రాసు హైకోర్టు హరిసర్వోత్తమరావుగారి శిక్షను మూడు సంవత్సరాల కఠిన కారాగారవాసంగా పెంచింది.

వెల్లూరు జైలులో ఆయనకు రాజకీయ ఖైదీ అనే మన్నన ఏదీ లేదు. అటువంటి తరగతే ఆనాటి జైళ్ళలో లేదు. బందిపోట్లు, హంతకుల నడుమనే ఆయనను ఉంచారు. కాళ్ళకు, చేతులకు సంకెళ్ళు, తలపై ఖైదీ టోపీ, మెడలో కొయ్య పలక తగిలించారు. ఎం.ఏ. చదివి పసిపిల్లలకు అక్షరాలు నేర్పవలసిన మనిషి మెడలో ఒక పలకగా మాత్రమే గుర్తింపు పొందాడు. మనిషికి పేరు పోయి గుర్తు మాత్రమే మిగలడం జైలు విధించే శిక్షలన్నిటిలోనూ కఠినమైనది. మిగిలిన శిక్షకు గడువు ఉంటుంది. ఈ శిక్షకు గడువు లేదు.

ఆ 1908వ సంవత్సరం దేశమంతటా పత్రికా రచయితలకు గడ్డుకాలం. బాలగంగాధర తిలక్‌ను ఆరేళ్ళ శిక్షతో మాండలే పంపారు. అలీగఢ్‌లో ఉర్దూ-ఎ-ముఅల్లా పత్రిక నడిపిన మౌలానా హస్రత్ మొహానీకి, ఈజిప్టులో ఆంగ్లేయుల విధానాన్ని విమర్శించిన ఒక వ్యాసం ప్రచురించినందుకు కఠిన శిక్ష పడింది. ఆ వ్యాసం రాసినవారి పేరు వెల్లడించడానికి ఆయన నిరాకరించి, బాధ్యతను తన తలపై వేసుకున్నారు. జరిమానా చెల్లించలేకపోగా ఆయన ప్రాణప్రదంగా కూడబెట్టుకున్న పుస్తకాలను వేలం వేశారు. జైలులో తిరగలి పట్టి గోధుమలు విసురుతూనే ఆయన గజల్ అల్లారు. విడుదలైన తరువాత అలీగఢ్‌లో స్వదేశీ దుకాణం పెట్టుకొని బతికారు. 1921లో అహమ్మదాబాదు కాంగ్రెసులో సంపూర్ణ స్వాతంత్ర్యం కోరుతూ పెద్దల అభీష్టానికి ఎదురు నిలిచారు. చివరకు రాజ్యాంగ సభలో సభ్యులయ్యారు. మన కళాశాలలో తెలుగు చదివేవారు హస్రత్‌ను, ఉర్దూ చదివేవారు గాడిచర్లను కూడా తెలుసుకోవాలి. ఒకే సంవత్సరంలో, ఒకే సెక్షను కింద, ఇద్దరూ ఒకే విధమైన దండన అనుభవించారు. వెల్లూరు సంకెలకు, అలీగఢ్ తిరగలికి భాషాభేదం లేదు.

శిక్షాకాలం ముగిసి హరిసర్వోత్తమరావుగారు 1911 ప్రాంతంలో బయటికి వచ్చారు. ఆయనకు పూలదండలు ఎదురు రాలేదు. ఆయనతో మాట్లాడితే పోలీసుల కన్ను తమపై పడుతుందని జనం తప్పుకొని తిరిగారు. అద్దెకు ఇల్లు ఇవ్వడానికి కూడా వెనుదీశారు. కోర్టు మూడేళ్ళ శిక్ష వేసింది. ఊరు దానిని పొడిగించింది. భయపడిన జనాన్ని దుష్టులని తీర్పు చెప్పడం సులభం. కాని వారికీ పిల్లలున్నారు, ఉద్యోగాలున్నాయి, భూములున్నాయి. ఒక్కొక్కరి భయమూ చిన్నదే. అవన్నీ కలిసి ఒక మనిషికి నిలువ నీడ లేకుండా చేశాయి. ఈ సంగతి మనం జాగ్రత్తగా గమనించాలి. ఎందుకంటే నేడు కూడా జైలు నుండి తిరిగి వచ్చిన మనిషికి మన వీధులలో జరిగేది ఇదే.

ఆయనను ఎన్నుకున్న పని వైపు మళ్ళీ నడిపించినవి తెరిచి ఉన్న కొద్ది తలుపులే. కొమర్రాజు లక్ష్మణరావుగారు విజ్ఞాన చంద్రికా మండలి స్థాపకులలో ఒకరు. ఆ మండలి 1907లో ప్రచురించిన తొలి గ్రంథం అబ్రహాము లింకను చరిత్ర. దాని రచయిత హరిసర్వోత్తమరావుగారే. లక్ష్మణరావుగారు ఆంధ్ర విజ్ఞాన సర్వస్వమనే మహాకార్యం తలపెట్టినప్పుడు సహాయకులుగా నిలిచిన విద్వాంసులలో ఈ మాజీ ఖైదీ కూడా ఉన్నారు. ఆ తరువాత, కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1914లో మద్రాసు నుండి దినపత్రికగా నడిపిన ఆంధ్రపత్రికలో ఆయన సంపాదక బాధ్యతలు వహించారు. ఒక వ్యాసం రాసినందుకు ఏ చేతికి సంకెల పడిందో, ఆ చేతికే పంతులుగారు మళ్ళీ కలం అందించారు. దయతో రూపాయి ఇచ్చేవారు చాలామంది ఉంటారు. నమ్మి బాధ్యత ఇచ్చేవారు అరుదు. మనిషిని నిలబెట్టేది ఈ రెండవ దానమే.

ఏ తిరునల్వేలి సంఘటనపై వ్యాసం రాసి ఆయన జైలు పాలయ్యారో, ఆ సంఘటనకు కేంద్రమైన చిదంబరం పిళ్ళై జీవితం కూడా ఇక్కడ చెప్పుకోదగినది. స్వదేశీ నౌకా సంస్థ స్థాపించి సముద్రంపై ఆంగ్లేయులతో పోటీపడిన ఆ వకీలు కోయంబత్తూరు జైలులో ఎద్దు వలె గానుగ లాగారు. 1912 చివర విడుదలయ్యే నాటికి నౌకలు లేవు, వకీలు పట్టా లేదు, ఆస్తి లేదు. చాలాకాలం దారిద్ర్యం అనుభవించారు. చివరకు వాలెస్ అనే ఆంగ్లేయ న్యాయాధికారి ఆయన పట్టాను తిరిగి ఇప్పించారు. కృతజ్ఞతగా పిళ్ళై తన కుమారునికి వాలేశ్వరన్ అని పేరు పెట్టుకున్నారు. ప్రభుత్వంతో అంతగా పోరాడిన మనిషి ఆ ప్రభుత్వపు న్యాయాధికారి పేరును ఇంట నిలుపుకున్నాడంటే, మరొక అవకాశం విలువ ఎంతటిదో మనకు బోధపడుతుంది.

ఇక్కడ మరొక విషయం. 1911వ సంవత్సరంలోనే నేరస్థ జాతుల చట్టం కొత్త రూపంలో మద్రాసు రాజధానికి విస్తరించింది. ఎరుకలు, కొరచలు మొదలైన కులాలవారిని పుట్టుకతోనే నేరస్థులుగా నమోదు చేసి, వేలిముద్రలు తీసుకొని, పోలీసులకు హాజరు వేయించుకోవాలని నిర్బంధించారు. 1913లో గుంటూరు ప్రాంతంలో సాల్వేషన్ ఆర్మీ నిర్వహణలో స్టూవర్టుపురం వెలసింది. హరిసర్వోత్తమరావుగారి మెడలోని పలకకు మూడేళ్ళ గడువు ఉండేది. ఈ కులాల బిడ్డల మెడలో కనిపించని పలకకు నలభై ఏళ్ళు గడువు రాలేదు. స్వాతంత్ర్యం వచ్చిన తరువాత, 1952లో ఆ చట్టం రద్దయింది. ఆ పేరు పట్టిన అనుమానం మాత్రం చట్టంతో పాటు పోలేదు.

హరిసర్వోత్తమరావుగారు రాజకీయాలను వదలలేదు. అనీబిసెంట్ హోంరూలు ఉద్యమంలో ఆంధ్ర శాఖ కార్యదర్శిగా పనిచేశారు. 1927లో మద్రాసు శాసనమండలి సభ్యులయ్యారు. ఒకనాడు ప్రభుత్వోద్యోగానికి పనికిరాడని వెలివేయబడిన వ్యక్తి ప్రభుత్వాన్నే ప్రశ్నించే సభలో కూర్చున్నారు. ప్రజలు తమ ఓటుతో ఆ పాత తీర్పును తిరగరాశారు.

మన ప్రాంతానికి పేరు పెట్టిన ఘట్టం కూడా ఆయనతో ముడిపడి ఉంది. 1800లో నిజాము ఈ జిల్లాలను ఆంగ్లేయులకు అప్పగించినప్పటి నుండి వీటిని దత్తమండలాలు అనేవారు. ఒకరు మరొకరికి ధారపోసిన భూమి అనే అర్థం ఆ మాటలోనే ఉంది. 1928 నవంబరులో నంద్యాలలో జరిగిన సభలలో ఆ పేరు విడిచి రాయలసీమ అనే పేరు స్వీకరించారు. ఈ నామకరణానికి కర్తలుగా అనంతపురం కళాశాలలో ఆంధ్రోపన్యాసకులైన చిలుకూరి నారాయణరావుగారినీ, గాడిచర్లవారినీ చెబుతారు. తగిలించిన పేరు ఎంత బరువో తెలిసిన మనిషికి, ఒక నేలకంతటికీ ఆత్మగౌరవం గల పేరు ఎంత అవసరమో వేరే చెప్పనక్కరలేదు.

ఆయన జీవితంలో దీర్ఘమైన అధ్యాయం గ్రంథాలయోద్యమం. 1914లో అయ్యంకి వెంకటరమణయ్యగారి కృషితో బెజవాడలో ఏర్పడిన ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘానికి ఆయన 1934 నుండి మరణించేవరకు అధ్యక్షులుగా ఉన్నారు. ఆ కాలంలోనే, 1935లో, పాతూరి నాగభూషణంగారు కృష్ణా కాలువలలో పడవ మీద పుస్తకాలు తిప్పారు. మన సీమకు అటువంటి భాగ్యం లేకపోయినా, చదువురాని పెద్దలకు చదువు చెప్పాలనే ఆశయంతో హరిసర్వోత్తమరావుగారు వయోజన విద్యా ప్రచారానికి అంకితమయ్యారు. స్వతంత్ర భారతంలో 1951 జనాభా లెక్కల నాటికి నూటికి పద్దెనిమిది మంది మాత్రమే అక్షరాస్యులు. మిగిలిన ఎనభైరెండు మంది తమపై మోపిన నేరమేమిటో చదువుకోలేరు, అప్పుపత్రం చదువుకోలేరు, ఓటు అడగవచ్చిన నాయకుని వాగ్దానాన్ని పత్రికలో సరిచూసుకోలేరు. అటువంటి దేశంలో న్యాయం మొదలయ్యే చోటు పఠనాలయమే.

1953 అక్టోబరు 1వ తేదీన ఆయన పుట్టిన కర్నూలే ఆంధ్రరాష్ట్ర రాజధాని అయింది. 1956 నవంబరులో ఆ హోదా హైదరాబాదుకు తరలిపోయింది. నాయకులు ఇచ్చిన మాట, అందిన ఫలం ఒకటి కావని సీమ ప్రజలు అనేక పర్యాయాలు అనుభవించారు. 1937 నాటి శ్రీబాగ్ ఒడంబడికను మన జిల్లా పెద్దలు కల్లూరి సుబ్బారావు, పప్పూరి రామాచార్యులుగార్లు ఎంత ఆశతో కుదిర్చారో, తరువాతి కాలం అంత నిరాశను మిగిల్చింది. ఈ ఎగుడుదిగుడులన్నిటి మధ్య ఇరవైఆరు సంవత్సరాలు ఒకే పనిని అంటిపెట్టుకున్నవారు గాడిచర్ల. 1960 ఫిబ్రవరి 29వ తేదీన ఆయన కన్నుమూశారు. ఆ సంవత్సరమే ఆంధ్రప్రదేశ్ పౌర గ్రంథాలయాల చట్టం అమలులోకి వచ్చింది. నేడు మన జిల్లాలోని శాఖా గ్రంథాలయాలలో పత్రిక తిరగేసే ప్రతి నిరుద్యోగ యువకుడూ ఆయనకు ఋణపడి ఉన్నాడు.

విద్యార్థి మిత్రులారా! ఈ చరిత్రను చదివి చేతులు జోడించి ఊరుకుంటే ప్రయోజనం లేదు. గాడిచర్లవారు దేశభక్తులు, మామూలు దొంగలతో ఆయనకు పోలిక ఏమిటని కొందరు అడగవచ్చు. ఆ ప్రశ్న న్యాయమైనదే. హత్య చేసినవాడూ, వ్యాసం రాసినవాడూ ఒకటి కారు. బాధితుని కన్నీరు ఎన్నటికీ తేలిక కాదు. నేరానికి శిక్ష ఉండవలసిందే. అయితే 1911లో ఇల్లు ఇవ్వడానికి నిరాకరించిన జనం ఈ తారతమ్యం విచారించలేదు. వారికి జైలు అన్న మాట ఒక్కటే వినిపించింది. మనమూ విచారించకుండానే తలుపు మూస్తే, మన తలుపు వద్ద నిలబడినవాడు నిర్దోషి అయినా, పశ్చాత్తప్తుడు అయినా, దుర్మార్గుడు అయినా మనకు తెలియదు.

లెక్కలు చూడండి. 2022 చివరినాటికి దేశంలోని జైళ్ళలో సుమారు 5 లక్షల 73 వేల మంది ఉండగా, వారిలో నూటికి డెబ్బైఐదుగురు విచారణ పూర్తికానివారే. అంటే తీర్పు వెలువడక మునుపే జైలు పాలైనవారు. వారిలో దళితులు, ఆదివాసులు, ముస్లిములు జనాభాలో తమ వంతుకు మించి ఉన్నారు. జామీను పెట్టే స్తోమత లేక నెలల తరబడి లోపలే ఉండి, తరువాత నిర్దోషులుగా బయటపడిన వారిని కూడా ఊరు మాజీ ఖైదీలుగానే చూస్తుంది.

చట్టం కొంత దారి చూపకపోలేదు. 1958 నాటి ప్రొబేషన్ చట్టం, తగిన సందర్భాలలో నేరస్థుని జైలుకు పంపకుండా సత్ప్రవర్తనపై విడుదల చేయడానికి వీలు కల్పించింది. అలా విడుదలైనవారికి ఆ నేరం వలన కలిగే అనర్హత అంటకూడదని కూడా చెప్పింది. మన అనంతపురం వద్దనే గోడలు లేని వ్యవసాయ జైలు ఉంది. అక్కడ ఖైదీలు ఇదే ఎర్రనేలను, ఇదే చాలీచాలని వానలతో సాగు చేస్తున్నారు. ప్రభుత్వం గోడ లేకుండా నమ్మిన మనిషిని, విడుదలయ్యాక మనం గోడ కట్టి దూరం పెట్టడం ఏ న్యాయం?

దేశ నాయకత్వంపై మనకు అసంతృప్తి ఉండవచ్చు. వాన రాదు, చెరువు నిండదు, మగ్గం ఆడదు, వలసబండి ఆగదు. మాటలు మాత్రం ఎన్నికల కెన్నికలకు పెరుగుతాయి. అసంతృప్తిని బహిరంగంగా పలికే హక్కు పౌరునికి ఉండాలనే గాడిచర్లవారు శిక్ష అనుభవించారు. ఆయనను బంధించిన రాజద్రోహ నిబంధన అమలును 2022లో సుప్రీంకోర్టు నిలిపివేసింది; 2024 జూలై 1 నుండి పాత శిక్షాస్మృతే తొలగి, కొత్త సంహితలో దేశ సమగ్రతకు భంగం కలిగించే చర్యల గురించి వేరొక నిబంధన వచ్చింది. ఆ నిబంధన ఎలా వినియోగమవుతుందో కనిపెట్టి ఉండడం చదువుకున్న పౌరుల బాధ్యత.

అంతకంటె దగ్గరి బాధ్యత మరొకటి ఉంది. ఢిల్లీ మన చేతిలో లేకపోవచ్చు. మన వీధి మన చేతిలోనే ఉంది. శిక్ష ముగించుకొని వచ్చిన మనిషికి అద్దెకు గది, మగ్గం మీద పని, దుకాణంలో కొలువు, అతని బిడ్డకు తరగతిలో పక్కన చోటు ఇవ్వడానికి ఏ నాయకుని అనుమతీ అక్కరలేదు. మన కళాశాల సంఘం పెద్దలు పూనుకొంటే, విద్యార్థులు సెలవు దినాలలో జైలు గ్రంథాలయానికి తెలుగు, ఉర్దూ పుస్తకాలు సేకరించి పంపవచ్చు. కొమర్రాజువారు, నాగేశ్వరరావు పంతులుగారు ఆనాడు వెనుకాడి ఉంటే ఆంధ్రదేశానికి ఒక మాజీ ఖైదీ మిగిలేవాడు. గ్రంథాలయోద్యమానికి ఇరవైఆరేళ్ళ అధ్యక్షుడు మిగిలేవాడు కాదు. మన ఊరికి తిరిగి వచ్చేవారిలో ఎవరిలో ఏ శక్తి దాగి ఉందో మనకు తెలియదు. తలుపు తెరిచినప్పుడే అది బయటపడుతుంది.